వీడియో గేములలోని ప్రాచీన నామములు

గత సంవత్సరము తొమ్మిదవ తరగతికి బైబిలు పాఠము చెప్పుచు యోబు గ్రంథము 41వ అధ్యాయమునకు వచ్చితిని. ఇచ్చట ఆంగ్ల బైబిలులో లెవియాతాను అను పేరు గలదని నేను చెప్పగా, వెనుక వరుసలోని యొక బాలుడు తటాలున లేచి, "అయ్యగారూ, దానిని నేనెఱుగుదును. మనము పిలిచినప్పుడు వచ్చి, పెద్ద కెరటమును లేపి, శత్రువులను ముంచివేసి వెడలిపోవును" అనెను. తరగతి యంతయు నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ బాలుడు చెప్పినది అబద్ధము కాదు. వేసవి సెలవులలో అతడు ఆడిన వీడియో గేములో ఆ మృగము అట్లే చేయును. అయితే ఆ అధ్యాయము చెప్పునది దానికి పూర్తిగా తలక్రిందులు. ఈ సంగతి వివరింపబోవునంతలో గంట మ్రోగినది. ఆనాడు మిగిలిపోయిన పాఠమునే ఇప్పుడు వ్రాయుచున్నాను.

తలిదండ్రులలో కొందఱు, "ఈ ఆటలలో దయ్యముల పేర్లున్నవట, పిల్లలను ఆడనియ్యవచ్చునా?" అని నన్నడుగుచుందురు. ఏ ఆట ఆడవలెను, ఎంతసేపు ఆడవలెను అనునది ఇంటి పెద్దలు తీర్మానించుకొనవలసిన విషయము. పేర్ల విషయము వేఱు. ఒక పేరు ఎచ్చటనుండి వచ్చెనో తెలిసికొనక దానికి భయపడుటయు, తెలిసికొనక దానితో ఆటలాడుటయు ఒకే అజ్ఞానమునకు రెండు ముఖములని నా అభిప్రాయము.

మొదట లెవియాతాను సంగతి చూతము. మన తెలుగు బైబిలు చదువువారికి ఈ పేరు క్రొత్తగా తోచుటకు కారణము గలదు. యోబు గ్రంథము 40వ అధ్యాయమున హెబ్రీ మూలములో బెహేమోతు అను పేరును, 41వ అధ్యాయమున లివ్యాతాన్ అను పేరును గలవు. మన అనువాదకులు ఆ పేర్లను పేర్లుగా నుంచక, మొదటిదానిని నీటిగుఱ్ఱమనియు, రెండవదానిని మకరమనియు తెనిగించిరి. అది తప్పని నేననను. పల్లెలోని వినువారికి అర్థము కావలెనని వారు తలంచిరి. అయినను దాని ఫలితమేమనగా, మన బిడ్డలు ఆ నామములను గుడిలో వినకమునుపే ఆటయంత్రములో వినుచున్నారు.

సిరియా దేశమున సముద్రతీరమందు రాస్ షమ్రా అను దిబ్బ గలదు. 1929వ సంవత్సరమున అచ్చట త్రవ్వకములు ప్రారంభింపగా, ఉగరీతు అను ప్రాచీన పట్టణమును, మేకుల వంటి అక్షరములు గల మట్టిపలకలును బయల్పడెను. ఆ పలకలలోని కథలలో మెలికలు తిరుగు నొక సర్పము గలదు. పండితులు దాని పేరును లోతాను అని చదువుదురు. దానికి ఏడు తలలు. కనానీయుల దేవతయైన బయలు దానిని హతమార్చెనని ఆ కథ. ఇప్పుడు యెషయా గ్రంథము 27వ అధ్యాయము మొదటి వచనమును, 74వ కీర్తన 14వ వచనమును తెఱచి చూడుడు. అదే సర్పము, అవే తలలు. కాని దానిని జయించువాడు బయలు కాడు, యెహోవా. 104వ కీర్తనలో ఆ మృగము శత్రువుగా గూడ కనబడదు. సముద్రములో ఆటలాడుకొనుటకు దేవుడు చేసిన జంతువుగా నున్నది.

యోబు గ్రంథములో దేవుడు యోబును ప్రశ్నలమీద ప్రశ్నలడుగును. దానిని గాలముతో లాగగలవా, దాని ముక్కునకు త్రాడు వేయగలవా అను ప్రశ్నలతో ఆరంభించి, అది నీతో నిబంధన చేసికొని నిత్యము నీకు దాసుడై యుండునా, పిట్టతో ఆడినట్లు దానితో ఆడుదువా అని యడుగుట వఱకు వచ్చును. ఈ ప్రశ్నలన్నింటికిని 'లేదు' అనుటయే ప్రత్యుత్తరము. మనుష్యుని చేతికి లోబడనిది ఒకటి లోకములో గలదని యోబు తెలిసికొనవలెను.

జపాను దేశమున స్క్వేర్ అను కంపెనీవారు 1987లో ఫైనల్ ఫాంటసీ అను ఆటను వెలువరించిరి. దానిని కల్పించినవారు హిరొనోబు సకగుచి. ఆ వరుసలో 1988లో వచ్చిన రెండవ ఆటయందు లెవియాతాను వీరుల ఓడను మ్రింగివేయును. యోనా కథ ఎఱిగినవారికి ఇది పరిచితమైన సంగతియే. 1990లో వచ్చిన మూడవ ఆటనుండి మార్పు కలిగెను. ఆడువాడు ఆ మృగముతో పోరాడి గెలిచినయెడల, నాటినుండి పిలిచినప్పుడెల్ల అది వచ్చి అతని పక్షమున యుద్ధము చేయును. అనగా దేవుడు యోబును నిరుత్తరునిగా చేసిన ఆ ప్రశ్నకు, పండ్రెండేండ్ల బాలుడు మీట నొక్కి 'ఔను' అని యుత్తరమిచ్చుచున్నాడు. నా విద్యార్థికి చెప్పవలెనని నేననుకొన్న మాట ఇదియే.

బెహేమోతు చరిత్ర మఱింత విచిత్రమైనది. హెబ్రీ భాషలో బెహేమా అనగా పశువు. ఆదికాండము మొదటి అధ్యాయములో పశువుల సృష్టిని చెప్పుచోట వాడబడినది ఈ మాటయే. బెహేమోతు దానికి బహువచనము. ఒక్క మృగమునే బహువచనముతో చెప్పుటచే దాని గొప్పతనము సూచింపబడినదని వ్యాకరణవేత్తలు చెప్పుదురు. మనము గౌరవార్థము ఒక్కరినే 'వారు' అనుట వంటిదన్నమాట. యోబు గ్రంథమునందు అది ఎద్దువలె గడ్డి మేయును, చెట్లనీడను పండుకొనును, నది పొంగినను బెదరదు. ఈ పేరు అరబ్బుల యొద్దకు పోయి బహమూతు అయ్యెను. పశువు కాస్తా చేప అయ్యెను. 13వ శతాబ్దమువాడైన అల్ కజ్వీనీ మొదలగు గ్రంథకర్తలు వర్ణించిన లోకములో భూమిని ఒక దేవదూత మోయుచుండును. అతని పాదముల క్రింద కెంపురాతి బండ, బండ క్రింద ఎద్దు, ఎద్దు క్రింద బహమూతు అను మహామత్స్యము, దాని క్రింద నీరు. మన పెద్దలు చెప్పుకొను ఆదిశేషుడును, ఆదికూర్మమును, అష్టదిగ్గజములును ఇచ్చట జ్ఞాపకమునకు రాకమానవు. గడ్డి మేయు మృగము సముద్రములోనికెట్లు దిగెను? బెహేమోతు, లెవియాతాను అను పేర్లు ఎల్లప్పుడు జంటగా వినబడుటచే ఒకదాని స్థానము మఱియొకదానికి సంక్రమించెనని కొందఱు పండితుల యూహ.

కథ అంతటితో ముగియలేదు. అమెరికాలో 1974వ సంవత్సరమున డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట ప్రచురింపబడెను. దానికి ఏ యంత్రమును అక్కఱలేదు. బల్లచుట్టు కూర్చుండి, పాచికలు వేయుచు కథ నడిపించు ఆట అది. 1977లో ఆ ఆటకై వెలువడిన మృగముల గ్రంథములో, మంచి ఘటసర్పములన్నిటికి రాజైన యొక ఘటసర్పమునకు బహమూతు అను పేరు పెట్టబడినది. పదేండ్ల పిమ్మట జపానువారి మొదటి ఫైనల్ ఫాంటసీలోను బహమూతు ఘటసర్పముల రాజే. వీరులు తమ ధైర్యమునకు సాక్ష్యముగా ఈ రాజునకు తెచ్చి చూపవలసిన వస్తువేమో ఎఱుగుదురా? ఎలుకతోక! భూమిని మోసిన మృగమునకు ఎంతటి గతి పట్టినది! ఇంకొక వింత: అదే ఆటల వరుసలో 1988 మొదలుకొని బెహేమోతు అను కొమ్ముల మృగము వేఱుగా నున్నది. తాతయు మనుమడును ఒకే వీథిలో ఎదురుపడియు ఒకరినొకరు గుర్తింపని చందమున ఈ రెండు పేర్లును ఒకే ఆటలో తిరుగుచున్నవి.

ఈ ఆటలు చేయువారు క్రొత్త పేర్లు కల్పింపక పాతవానినే ఏల వాడుదురు? పాత పేరు తనతో కథను తెచ్చుకొనును, పరిచయము చేయనక్కఱలేదు. అదియుగాక, పాత పేరునకు యజమాని లేడు. పైని చెప్పిన అమెరికా ఆటలో మొదట హాబిట్ అను పొట్టి మనుష్యులుండిరి. అది టోల్కీను అను ఆంగ్ల రచయిత కల్పన గనుక, హక్కుదారులు అభ్యంతరము చెప్పగా ఆ పేరు తీసివేయవలసివచ్చెను. యోబు గ్రంథమును గూర్చి ఏ న్యాయవాదియు నోటీసు పంపడు.

దయ్యముల పేర్ల విషయమునకు వత్తము. 1997 ఆరంభమున డయాబ్లో అను అమెరికా ఆట వచ్చెను. దాని కర్తలలో నొకడు బాల్యమున కాలిఫోర్నియాలో డయాబ్లో అను కొండ సమీపమున నివసించియుండెను; ఆ కొండ పేరే ఆటకు పెట్టెను. స్పానిషు భాషలో డయాబ్లో అనగా సాతాను. ఈ మాట గ్రీకులోని దియాబొలొస్ నుండి వచ్చినది. దాని యర్థము అపనిందలు మోపువాడు. మన తెలుగు అనువాదకులు దీనిని ఎంత చక్కగా 'అపవాది' అనిరో చూడుడు! ఇచ్చట మాత్రము ఇతర దేశములవారికంటె మనమే అదృష్టవంతులము. పేరులోనే అర్థము వినబడును. ఆ ఆటలో అపవాదికి ఇద్దఱు అన్నదమ్ములు గలరు. ఒకని పేరు బయలు. కర్మెలు కొండమీద ఏలీయా యెదిరించిన దేవత పేరిది, 'ప్రభువు' అని దాని యర్థము. రెండవవాడైన మెఫిస్టో బైబిలులో ఎచ్చటను లేడు, జర్మనీ దేశపు ఫౌస్టు కథలోనివాడు. కావున కొమ్ములున్నవాని పేరెల్ల బైబిలులోనిదని తలంపరాదు.

1997లోనే వచ్చిన ఏడవ ఫైనల్ ఫాంటసీలో సెఫిరోతు అను ప్రతినాయకుడు గలడు. సెఫిరోతు అనగా యూదుల కబ్బాలా గ్రంథములలో, అనంతుడైన దేవుడు తన్ను తాను బయలుపరచుకొను పది రూపములు. ఇదియు బహువచనమే. భక్తిగల యూదులు ధ్యానించు ఆ మాట లోకనాశనమునకు పూనుకొన్న యొకని పేరైనది.

ఇంతవఱకు చదివి, ఇవన్నియు బైబిలు సంబంధమైన నామములేగదా యని హిందూ కుటుంబముల విద్యార్థులు అనుకొనగూడదు. 1990 నాటి ఆ మూడవ ఆటలోనే శివ అను పేరుతో మంచును కురిపించు నొక స్త్రీ గలదు. ఆమె కూడ పిలిచినప్పుడు వచ్చి పని చేసిపోవు సేవకురాలే. ఇక మన హైదరాబాదు సంగతి. ఆ నగరమందలి అరోనా టెక్నాలజీస్ అను సంస్థవారు హనుమంతుని బాల్యముపై నొక ఆటను చేయగా, 2009లో సోనీ కంపెనీవారు దానిని ప్లేస్టేషన్ 2 యంత్రమునకు వెలువరించిరి. కథ రామాయణ సంబంధమైనదే, చేసినవారు మనవారే. అయినను అమెరికాలోని యొక హిందూ నాయకుడు అభ్యంతరము తెలిపెను. భక్తులు ఎవరికి లోబడుదురో ఆ దేవుని, ఆడువాడు చేతిలోని మీటలతో ఇటు నటు నడిపించుట తగదని ఆయన వాదము.

ఆ వాదమునకు ఒప్పుకొనని హిందువులును అనేకులుండవచ్చును. తోలుబొమ్మలాటలో హనుమంతుని ఆడించుట మన దేశములో తరతరములుగా నున్నదే. అయినను ఆ అభ్యంతరము చదివినప్పుడు నాకు యోబు గ్రంథములోని ప్రశ్నలే వినబడినవి. నా ప్రక్కయింటివాని మనస్సు ఎచ్చట నొచ్చునో, నా గ్రంథమే నాకు తెలియజెప్పినట్లయ్యెను. శివుని పేరు విని నవ్విన క్రైస్తవ బాలుడు, తన గ్రంథములోని పేరు అదే ఆటలో అదే కొలువు చేయుచున్నదని తెలిసికొన్నప్పుడు ఏమనునో చూడవలెనని నాకు కోరిక గలిగెను.

మరుసటి వారము పాఠము తిరిగి మొదలుపెట్టి, ఆ వెనుక వరుస బాలునిచేతనే 41వ అధ్యాయమును బిగ్గరగా చదివించితిని. నిబంధన, దాసత్వము అను మాటల యొద్దకు వచ్చునప్పటికి అతడు ఆగి, ఆ వచనమును మరల తనలో తాను చదువుకొనెను. ఈ తడవ ఎవరును నవ్వలేదు. తరగతి ముగిసిన పిమ్మట అతడు ఒక కాగితముపై మూడు పేర్లు వ్రాసి తెచ్చి నాకిచ్చెను. వానిలో నొకటి అపొల్లుయోను. ప్రకటన గ్రంథము 9వ అధ్యాయము 11వ వచనమును చూపి, అచ్చట గ్రంథకర్త తానే ఆ పేరును హెబ్రీలో నొకసారి, గ్రీకులో నొకసారి చెప్పియున్నాడని తెలిపితిని. తక్కిన రెండు పేర్లకు అతడు గ్రంథాలయమునకు పోయినాడు.