మోటారు ఎక్కడ కూర్చోవాలి?

కూర్మన్నపాలెం

బుజ్జీ,

నువ్వు పంపిన మూడు బొమ్మలూ చూశానమ్మా. పార్కు చుట్టూ జనాన్ని తిప్పే బండికి ఇంజన్ పెట్టాలా, తాడు కట్టాలా, దారి పొడుగునా మోటార్లు పరచాలా అని అడిగావు. బొమ్మలు బాగున్నాయి గానీ, ఆ పార్కులో ఎక్కుడు ఎంతో ఒక్కదాంట్లోనూ రాయలేదు. అది తెలియకుండా ఏది మంచిదో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు.

ముందు ఇంజన్ సంగతి. చదునైన చోట ఉక్కు పట్టాల మీద టన్ను బరువు కదలడానికి రెండు మూడు కిలోల లాగుడు చాలు. రబ్బరు టైరుకైతే పది కిలోల దాకా కావాలి. పట్టాలంత పొదుపైన దారి లేదు. కానీ ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే ఎక్కుడు వస్తే, టన్నుకు మరో 50 కిలోలు కావాలి. మొత్తం బండి 10 టన్నులనుకో, అందులో ఇంజన్ 4 టన్నులనుకో. ఎక్కడానికి 500 కిలోల పైమాటే. పట్టా పొడిగా ఉంటే ఇంజన్ చక్రాలు తమ బరువులో నాలుగో వంతు, అంటే 1000 కిలోల దాకా పట్టు ఇస్తాయి. మన తీరంలో తొలి చినుకులు పడి పట్టా జిడ్డెక్కితే పదో వంతుకు దిగజారినా ఆశ్చర్యం లేదు. అప్పుడు 400. చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, బండి కదలదు. రైలింజన్లు పట్టా మీద ఇసుక చల్లేది ఇందుకే. 1959లో డిస్నీలాండ్ మోనోరైలు కాంక్రీటు దూలం మీద రబ్బరు టైర్లతో నడిచింది. పట్టు పెరిగింది, దానితోపాటే టైర్ల అరుగుదలా వచ్చింది.

ఇక మోటారును దారిలో పెట్టే పద్ధతి. నేను పనిచేసిన రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన ఉక్కు బిల్లెట్‌కు ఇంజనూ లేదు, చక్రమూ లేదు. కింద వరసగా తిరిగే రోలర్లే దాన్ని మోసుకుపోతాయి. 1967లో డిస్నీలాండ్‌లో జనాన్ని తిప్పిన పీపుల్‌మూవర్‌ది ఇదే ఒడుపు: 9 అడుగులకొక టైరు దారిలోనే తిరుగుతూ పైనున్న బండిని నెట్టేది. బండి తేలికవుతుంది, నిజమే. కానీ ఒక రోలర్ ఆగినా పక్కవి పని లాగించేస్తాయి కనుక, ఆగిన సంగతి మనకు తెలియదు. నేను ప్రతి రోలర్ కప్లింగ్ మీదా సుద్దతో గీత గీసేవాణ్ణి. బిల్లెట్ లేని వేళ గీత తిరగకపోతే, ఆ మోటారు చచ్చిందని లెక్క.

1975లో ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఇలాంటి బండికే టైర్ల బదులు లీనియర్ మోటార్లు వేశారు. గుండ్రటి మోటారును నిలువునా కోసి చాపలా పరిచినట్టు ఊహించుకో. దారిలో తీగచుట్టలు, బండి అడుగున లోహపు పలక. లాగేది అయస్కాంతం, చక్రం కాదు. కాబట్టి పట్టా తడిసినా లాగుడు తగ్గదు. అయితే చిన్న మోటారులో మిల్లీమీటరుకు లోపుండే సందు ఇక్కడ సెంటీమీటరు దాకా పోతుంది. సందు పెరిగేకొద్దీ కరెంటు ఎక్కువ తాగుతుంది. పైగా దారి ఎంత పొడుగైతే చుట్టలకు అంత ఖర్చు. 1986లో రోజువారీ సర్వీసు మొదలుపెట్టిన వాంకూవర్ స్కైట్రైన్ దీన్ని తిరగేసింది: చుట్టలు బండిలో, పలక పట్టాల మధ్య. దారి చవకైంది, బండి బరువెక్కింది.

తాడుకు మోటారు ఒక్కచోటే. నూనె వేసేదీ, కాపలా కాసేదీ అక్కడే. నిట్రంగా లేచే కొండకు దాన్ని మించింది లేదు. కాకపోతే అది ఆగితే అన్ని పెట్టెలూ గాల్లోనే. పైగా మలుపులంటే దానికి గిట్టదు.

చిన్నప్పుడు నిన్ను కైలాసగిరి తీసుకెళ్లాను, గుర్తుందా? వాలు మీద రోప్‌వే, కొండ నెత్తిన చుట్టూ తిరిగే బొమ్మరైలు. ఒకే కొండ మీద ఎక్కడానికి ఒకటి, తిరగడానికి మరొకటి. ఏ పద్ధతి తీసుకున్నా కష్టం మాయం కాదమ్మా, చోటు మారుతుందంతే. ఆ చోటు బండిలోనా, దారిలోనా, తాడు చివరా అన్నది నేల చెబుతుంది.

మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు మన అటక మీదుంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. ఎక్కుడు కొలిచి, ఆ అంకె బొమ్మ మీద రాశాక మళ్లీ అడుగు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య