ఔట్‌పోస్టు హామీ నమ్మొచ్చా?

ప్రశ్న: సర్పంచ్‌గా గెలిస్తే ఊళ్లో పోలీసు ఔట్‌పోస్టు పెట్టిస్తానని ఒకరు, పోలీసుల వేధింపులు ఆపిస్తానని మరొకరు అంటున్నారు. ఎవరిని నమ్మాలి?
– ఒక మత్స్యకారుడు, డొంకూరు

జవాబు: ఇద్దరివీ తమ చేతిలో లేని హామీలే. రాజ్యాంగం 7వ షెడ్యూలు ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రానిది. సర్పంచే కాదు, విశాఖ మేయరు కూడా ఒక్క కానిస్టేబుల్‌ని బదిలీ చేయలేరు. న్యూయార్క్ మేయరైతే పోలీసు కమిషనర్‌నే నియమిస్తారు. అక్కడి ఎన్నికల ప్రసంగాలు చూసి మనవాళ్లూ మొదలెట్టినట్టున్నారు!

వీధి దీపాలు మాత్రం పంచాయతీవే. తెల్లారకముందే వలలు భుజానేసుకుని వెళ్లే దారిలో దీపం వెలుగుతోందా? అదడగండి.

స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) ప్రకారం వివరాలు రాసి, జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి.