ఉల్లిపాయ అలర్జీకి మందేనా?

వయ్యారిభామ పూసే రోజుల్లో క్లాసురూముల్లో తుమ్ములు మొదలవుతాయి. వెంటనే సలహాలూ వస్తాయి. "పచ్చి ఉల్లిపాయ తిను", "పాలల్లో పసుపు వేసుకుని తాగు", "టాబ్లెట్లు ఎందుకు, అన్నీ కెమికల్సే!" వీటిలో నిజం ఎంతో చూద్దాం.

అసలు లోపల జరిగేది ఏమిటి?

పుప్పొడి నిజానికి మనకి హాని చేసేది కాదు. కానీ కొందరి శరీరం దాన్ని శత్రువు అనుకుని ఐజీఈ అనే యాంటీబాడీలను తయారు చేస్తుంది. ఇవి ముక్కులో, చర్మంలో, ఊపిరితిత్తుల్లో ఉండే మాస్ట్ కణాలకు అంటుకుని కాచుకుని ఉంటాయి. అదే పుప్పొడి మళ్ళీ తగిలితే మాస్ట్ కణం హిస్టమిన్‌ను బయటికి వదులుతుంది. తుమ్ములు, దురద, దద్దుర్లు చాలావరకు దాని పనే. మనం వేసుకునే సెట్రిజిన్ ఈ హిస్టమిన్ పనిచేసే గ్రాహకాలను అడ్డుకుంటుంది.

ఉల్లిలో ఉన్నది

ఉల్లిపాయలో, అందులోనూ పై పొరల్లో, క్వెర్సెటిన్ అనే పదార్థం ఎక్కువ. మునగాకులో, ఆపిల్ తొక్కలో కూడా ఉంటుంది. ల్యాబ్‌లో మాస్ట్ కణాలకు దీన్ని కలిపితే హిస్టమిన్ విడుదల తగ్గింది. కాబట్టి ఆ సలహా పూర్తిగా గాలి మాట కాదు.

చిక్కు ఎక్కడంటే, 100 గ్రాముల ఉల్లిలో ఉండేది పదుల మిల్లీగ్రాములే. అందులోనూ రక్తంలోకి చేరేది కొంతే. గాజు పాత్రలోని కణానికి అందినంత మోతాదు ముక్కులోని కణానికి అందదు. పసుపులోని కర్క్యుమిన్‌దీ ఇదే కథ. 1998లో బెంగళూరులో జరిగిన ఒక అధ్యయనంలో 2 గ్రాముల కర్క్యుమిన్ విడిగా ఇస్తే రక్తంలో దాదాపు కనిపించలేదు. 20 మిల్లీగ్రాముల పిపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం, కలిపి ఇస్తే శోషణ సుమారు 20 రెట్లు పెరిగింది.

మొక్క నుంచి మందు దాకా

ఈజిప్టులో ఖెల్లా అనే మొక్కను పాతకాలం నుంచి వైద్యంలో వాడేవారు. అందులోని ఖెల్లిన్ ఆధారంగా బ్రిటన్‌లో రోజర్ ఆల్టూన్యన్ అనే డాక్టర్ బృందం కొత్త పదార్థాలు తయారు చేసింది. ఆయనకే ఆస్తమా ఉండేది. వాటిని ఏళ్ళ తరబడి తన మీదే పరీక్షించుకున్నారు. 1965లో సోడియం క్రోమోగ్లైకేట్ దొరికింది. అది మాస్ట్ కణాన్ని శాంతపరుస్తుంది, కానీ మింగితే ఒంటికి పట్టేది దాదాపు 1 శాతమే! అందుకే పొడిగా పీల్చే ఇన్‌హేలర్ కావలసి వచ్చింది. ఆయన యుద్ధకాలంలో పైలట్ కూడా. ఊపిరి పీల్చగానే లోపల చిన్న ప్రొపెల్లర్ తిరిగి పొడిని చల్లేలా పరికరం తయారైంది. ఇక్కడ మందు ఎంత ముఖ్యమో, దాన్ని సరైన చోటికి చేర్చిన ఇంజనీరింగ్ కూడా అంతే ముఖ్యం.

మరి మనం ఏం చేయాలి?

ఉల్లి, పసుపు, మిరియాల చారు హాయిగా తినండి. డాక్టర్ ఇచ్చిన మందులు మాత్రం వాటి కోసం మానకండి. పిపరిన్ వేరే మందుల శోషణను కూడా మార్చగలదు, కాబట్టి ఇలాంటి క్యాప్సూల్స్ కొనేముందు డాక్టర్‌ని అడగండి. ఏదైనా తిన్నాక పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా వంటింటి చిట్కాలు వెతకొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం నిలబెట్టేది అడ్రినలిన్ ఇంజెక్షన్. ఈ ఒక్క విషయం మీ రూమ్మేట్‌కి కూడా చెప్పండి.