ఫోన్లను ఆపేసిన 'జ్ఞా'

అమరావతిలో దొరికిన రాతిముక్క మీద 'నాగబు' అని చెక్కి ఉంది. మనకు దొరికిన తొలి తెలుగు మాట అదేనంటారు. రాతిమీద అక్షరం ఒకసారి చెక్కితే సరి. ఫోను మాత్రం చూపిన ప్రతిసారీ దాన్ని కొత్తగా కూర్చుకోవాలి.

'జ్ఞా'కు జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాలు చాలు. ఞ తర్వాత 'అతకవద్దు' అని చెప్పే, కంటికి కనబడని అయిదో సంకేతం చొరబడితే? 2018 ఫిబ్రవరిలో దాన్ని చూపబోయిన ఐఫోన్ యాప్‌లు మూతబడ్డాయి! కొంటెవాళ్లు ఒకరికొకరు పంపి నవ్వుకున్నారు. (పాపం, తప్పు అక్షరానిది కాదు.)

కొందరు ఔత్సాహికులు మాత్రం కారణం వెతికారు. అక్షరాలు కూర్చే ఆ ప్రోగ్రాము లోగుట్టు కంపెనీదే కనుక, బయటినుంచే కూర్పులు మార్చి మార్చి పరీక్షించారు. కొన్ని బెంగాలీ, దేవనాగరి కూర్పులతోనూ ఫోను ఆగిపోయింది. ఫిబ్రవరి 19న కంపెనీ సవరణ విడుదల చేసింది.

ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్‌లలో అక్షరాలు కూర్చే 'హార్ఫ్‌బజ్' అలా కాదు. దాన్ని ఎవరైనా తెరిచి చదవవచ్చు. మీకు తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు.