ఎండ లెక్క, నీడ విలువ

"నేడు నల్లగొండలో 42 డిగ్రీల వేడి" అని పత్రికలో చదువుదుము. ఆ అంకె ఎవరి వేడిని తెలుపుచున్నది? చెలకలో కలుపు తీయు మనిషి వేడిని గాదు. నేలకు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, ఎండ తగులకుండ గాలి మాత్రము ఆడునట్లు ఉంచిన ఉష్ణమాపకము చూపు గాలి వేడి అది. స్కాట్లండు దేశపు ఇంజనీరు తామస్ స్టీవెన్‌సన్ 19వ శతాబ్దమున కల్పించిన ఆ పెట్టె రీతినే వాతావరణ శాఖలు నేటికిని అనుసరించుచున్నవి. ఊరూర ఒకే విధముగా గాలిని కొలుచుటకు అది అవసరమే. కాని ఆ పెట్టెలో కూర్చుండి సేద్యము చేయువారెవరును లేరు. కనుక పెట్టెలోని అంకెకును, పొలములోని దేహమున కెక్కు వేడికిని గల భేదమును ఈ పాఠమున వివరింపదలచితిమి.

ఇది వినోదమునకై చెప్పు విషయము గాదు. 2015 మే మాసపు వడగాలులకు దేశమున రెండువేల మందికి మించి మరణించిరి. వారిలో అత్యధికులు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములవారు. వృద్ధులును, ఆరుబయట పనిచేయు కూలీలును అందు పెక్కుమంది.

దేహపు ఖాతా

మన సంఘపు పుస్తకములో జమ, ఖర్చులున్నట్లే దేహమునకును వేడి ఖాతా యొకటి కలదు. జమలు నాలుగు. మొదటిది మన శ్రమ: ఊరక కూర్చున్న మనిషి దేహమున సుమారు 100 వాట్ల వేడి పుట్టగా, మధ్యమ శ్రమ చేయువానియందు సుమారు 300 వాట్లు పుట్టును. రెండవది నేరుగ పడు ఎండ. మూడవది కాలిన నేలనుండియు, రాళ్ళనుండియు వెలువడు సెగ. నాలుగవది వేడిగాలి. మన చర్మపు వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకు తక్కువగా నున్నంతవరకు మన వేడిని తీసికొనిపోవును. మించినచో తానే వేడిని తెచ్చి యిచ్చును. అప్పుడు ఖర్చు ద్వారము చెమట ఒక్కటే మిగులును.

ఒక లీటరు చెమట ఆరిపోవుటకు సుమారు 580 కిలో కాలరీల వేడి కావలెను. ఆ వేడి దేహమునుండియే పోవును. అయితే ఆరిన చెమటయే చల్లబరచును. కారి నేలబడిన చెమట వలన ప్రయోజనము లేదు. మే నెల పొడిగాలిలో చెమట కనబడకయే ఆరిపోవును గనుక, దేహమునుండి ఎంత నీరు పోయినదో మనిషికి తెలియదు. వానకాలపు వరిమడిలో చెమట కారును గాని ఆరదు. రెండును అపాయములే, దారులు మాత్రము వేరు.

ఎండ దేహముపై పడు తీరు

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణములు సుమారు 17వ ఉత్తర అక్షాంశమున నున్నవి. కావున మే 7, 8 తేదీల ప్రాంతమునను, మరల ఆగస్టు మొదటి వారమునను సూర్యుడు మధ్యాహ్నము సరిగా నడినెత్తికి వచ్చును. మే నెలలో అది గడియారము 12 దాటిన సుమారు పది నిమిషములకు జరుగును. ఆ క్షణమున నిలువుగా పాతిన కర్రకు నీడ యుండదు.

నిట్ట నిలుచున్న మనిషికిని అంతియే. సూర్యుడు నడినెత్తిన నున్నపుడు ఆతని తలయు భుజములునే ఎండను గ్రహించును. కిరణములకు ఎదురగు మేర దేహవైశాల్యములో నూటికి 8 పాళ్ళు మాత్రమే. సూర్యుడు సగమెత్తునకు దిగినపుడు ఎండ ప్రక్కనుండి తగిలి, ఆ మేర నూటికి 22 పాళ్ళగును. మే నెలలో మూడు గంటలు దాటిన వేళ ఇట్లుండును. గాలి వేడియు ఇంచుమించు అప్పుడే అత్యధికము. పన్నెండు గంటల ఎండ దాటినది గదా యని మూడింటికి చేనికి పోవువారు ఈ సంగతిని గమనింపవలెను.

వంగి కలుపు తీయు స్త్రీ మాట వేరు. ఆమె వీపు నడినెత్తి సూర్యునకు పరచిన రేకువలె నుండును. నిలుచున్నవానికి తప్పిన మధ్యాహ్నపు ఎండ ఆమె వీపున నిండుగా పడును; ముఖమునకు నేల సెగ దగ్గరనుండి తగులును. ఎండిన ఎర్రచెలక పైభాగము మే నెలలో 60 డిగ్రీల వరకు కాగుట కలదు. మగవారు మందు పని వంటివి చూచుకొని, కలుపు పని ఆడవారికి విడుచుట మన వాడుక. ఎండ లెక్కలో అదియే బరువైన పని.

యంత్రముల లెక్క

నేటి శాస్త్రజ్ఞులు గాలి, తేమ, ఎండ, నేల సెగ అన్నిటిని గణనయంత్రములలో చేర్చి, మనిషికి తగులు వేడిని ఒకే అంకెగా తేల్చుచున్నారు. ఐరోపా మధ్యకాల వాతావరణ సూచనల కేంద్రమువారు భూమినంతటిని సుమారు 27 కిలోమీటర్ల గడులుగా విభజించి, గంట గంటకును ఇట్టి లెక్కలు కట్టి యుంచినారు. వారి సూచికలో 38 దాటిన అతితీవ్రము, 46 దాటిన పరమతీవ్రము.

లెక్క మంచిదే, దాని హద్దులను మాత్రము ఎరుగవలెను. అట్టి యొక్క గడిలో చెరువు, రాతిగుట్ట, బత్తాయి తోట, బీడు అన్నియు కలిసిపోయి యొక్క అంకెగా మారును. ఆ లెక్కలోని మనిషి గంటకు 4 కిలోమీటర్లు నడచువాడు. మూట మోయడు, వంగి కలుపు తీయడు. కనుక గడి లెక్కను తీసికొని, మన గట్టునకు తగినట్లు సవరించుకొనుట మన పని.

మనము కట్టదగిన లెక్క

ఇందులకు మూడు ఉష్ణమాపకములు చాలును. ఒకటి నీడలో గాలిని చూపును. రెండవదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టవలెను. మూడవదానిని నల్లరంగు పూసిన రాగిగోళములో అమర్చవలెను. తడిగుడ్డ అంకెలో 10కి 7 పాళ్ళు, నల్లగోళపు అంకెలో 2 పాళ్ళు, గాలి అంకెలో 1 పాలు కూడినచో ఫలము వచ్చును. 1950 తరువాతి దశకమున అమెరికా సైనిక శిబిరములలో యువకులు ఎండదెబ్బకు గురియగుట చూచి ఏర్పరచిన సూత్రమిది.

ఉదాహరణకై కొన్ని అంకెలు తీసికొందము. మే నెల చెలకలో గాలి 42, తడిగుడ్డ 25, గోళము 55 అనుకొనుడు. 17.5, 11, 4.2 కలిపిన 32.7. జులై వరిమడిలో గాలి 34, తడిగుడ్డ 29, గోళము 46 అనుకొనుడు. 20.3, 9.2, 3.4 కలిపిన 32.9. పత్రికలోని అంకె 8 డిగ్రీలు తగ్గినను దేహముపై భారము తగ్గలేదు! "వాన పడినది, ఎండ భయము తీరినది" అనుట ఎంత పొరపాటో దీనివలన తెలియుచున్నది.

ఇక అదే మే నెలలో చింతచెట్టు క్రింద గాలి 42, తడిగుడ్డ 24, గోళము 43 అనుకొనుడు. ఎండ లేనిచోట గోళమునకు 3 పాళ్ళు, తడిగుడ్డకు 7 పాళ్ళు గణింతురు. ఫలము 29.7. గాలి అంకె మారలేదు. భారము మాత్రము 3 డిగ్రీలు తగ్గినది. ఎండకు అలవాటుపడినవారికి మధ్యమ శ్రమలో 28, తేలిక పనిలో 30 హద్దులని అంతర్జాతీయ ప్రమాణము. అనగా చెట్టు క్రింద కాయలు ఒలుచుట, గింజలు ఏరుట సాగింపవచ్చును. చేనిలో వంగి పనిచేయుట మానవలెను.

చేయవలసినవి

మే నెలలో చేని పనిని తెల్లవారుజామున ఆరంభించి పదిన్నరకు ముగింపవలెను. మరల సాయంకాలము నాలుగున్నరకు ముందు దిగరాదు. కలుపు పనికి చేని ఒడ్డున పందిరి వేసి, గంటకొకసారి కొంతసేపు నీడపట్టున కూర్చుండనీయవలెను. దప్పి యగువరకు ఆగక, ప్రతి 20 నిమిషములకు ఒక గ్లాసెడు నీరు త్రాగవలెను. నడుమ నడుమ ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది. పట్టణమునుండి క్రొత్తగా వచ్చినవారికి, జ్వరపడి లేచినవారికి దేహము ఎండకు అలవాటు పడుటకు ఒకటి రెండు వారములు పట్టును. వారికి మొదటి దినముల యందు సగము పనియే చెప్పవలెను. కూలి మాత్రము తగ్గింపరాదు. తగ్గించినచో దాచిపెట్టి పనిచేయుదురు.

మాట తడబడుట, తూలుట, ఒడలు కాలుట, మూర్ఛ వడదెబ్బ లక్షణములు. చెమట పట్టుచున్నది గదా యని ఉపేక్షింపరాదు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, దేహమంతట నీరు పోయుచు విసరుచు, 108 బండిని పిలువవలెను. స్మృతి లేనివాని నోట నీరు పోయరాదు.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వమువారు వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబమునకు 4 లక్షల రూపాయల సహాయమును నిర్ణయించిరి. ఆ సొమ్ము అక్కరకు వచ్చునదే. కాని మనిషి పోయిన పిమ్మట వచ్చు సొమ్మది. పోకుండ నిలుపుకొను సాధనములు పందిరి గుంజలు నాలుగు, నీళ్ళ కుండలు రెండు, ఉష్ణమాపకములు మూడు. వీని వ్యయము ఏ సంఘమునకును భారము గాదు. రోహిణి కార్తె రాకముందే ప్రతి సంఘమువారును సభ చేరి ఈ విషయమున తీర్మానము చేయుదురుగాక.