నీలం రాయి - లోపాలూ, మన్నికా

నీలం అనగానే మన వైపు ముందుగా గుర్తొచ్చేది రాయి కాదు, శని. "ఏలినాటి శని పట్టింది, నీలం ఉంగరం పెట్టించండి" అనే మాట మన ఊళ్లలో వినని వారుండరు. శని సంగతి నేను చెప్పలేను. రాయి సంగతి మాత్రం చెప్పగలను. అది మీరు చదివే సైన్సు పుస్తకంలో ఉన్నదే.

నీలం అంటే అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం. రెండు అల్యూమినియం పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులు. మన హాస్టల్ వంటగదిలో సత్తు గంగాళానికి గాలి తగిలి పైన ఏర్పడే కంటికి కనబడని పొర కూడా రసాయనికంగా ఇదే! శుద్ధంగా ఉంటే ఈ స్ఫటికానికి రంగు ఉండదు. కొద్దిగా ఇనుము, టైటానియం చేరితే నీలం అవుతుంది. క్రోమియం చేరితే కెంపు అవుతుంది. అంటే మనం మురిసిపోయే ఆ రంగు మలినం వల్ల వచ్చినదే.

ఈ ఖనిజానికి మన భాషలో కురువిందం అని పేరు. ఇంగ్లీషు వారి 'కొరండం' అనే మాట మన దక్షిణాది భాషల నుంచే వెళ్లింది. 1798లో చార్లెస్ గ్రెవిల్ అనే ఆయన లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఈ రాయి మీద వ్యాసం రాశాడు. అప్పటికే మన పనివారు కురువిందం పొడిని లక్కలో కలిపి సాన చక్రాలు చేసుకుని రత్నాలు అరగదీస్తున్నారు. పరీక్షలో ఎవరూ అడగని ప్రశ్న ఇది, అయినా తెలిసి ఉండాలి.

మన కొండల్లో నీలం ఉందా అని కొందరు అడుగుతారు. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనబడే రాయి ఖొండలైట్. కొండల్లో నివసించే ఖోండుల పేరు మీదనే 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. అందులో గార్నెట్లు పుష్కలం. కళింగపట్నం, భీమిలి తీరాల్లో ఇసుక మీద కనబడే ఎర్రని చారలు అవే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వైడూర్యం, అంటే పిల్లికన్ను రాయి, దొరుకుతుంది. పాడేరు దగ్గర సఫిరిన్ అనే ఖనిజం ఉంది గాని, పేరు చూసి మోసపోకండి. అది నీలం కాదు, మెగ్నీషియం, సిలికాన్ కూడా ఉన్న వేరే ఖనిజం. ఈ రంగురాళ్ల ఆశతోనే ఇప్పటి అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలం కరక కొండ మీద దొంగచాటుగా తవ్వారు. గోతులు కూలి మనుషులు పోయారు. తవ్వినవాడికి దక్కేది కూలి డబ్బులు, కొన్నవాడికి దక్కేది రాయి. మధ్యవాడికి ఏం దక్కుతుందో మీరే ఊహించండి.

ఇక మన్నిక. 1812లో మోస్ అనే శాస్త్రవేత్త ఖనిజాల కాఠిన్యానికి 1 నుంచి 10 వరకు వరుస పెట్టాడు. టాల్క్ 1, పలుగురాయి 7, కురువిందం 9, వజ్రం 10. గాజు 5, 6 మధ్యలో ఉంటుంది. రోడ్డు దుమ్ములో పలుగురాయి పొడి ఉంటుంది కనుక గాజురాయి ఉంగరం దుమ్ముకే గీతలు పడి మసకబారుతుంది. నీలానికి ఆ భయం లేదు. వజ్రం దాన్ని గీస్తుంది. అందుకే నీలాన్ని, వజ్రాన్ని ఒకే డబ్బాలో కలిపి పెట్టకూడదు.

అయితే గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. కాఠిన్యం 9 అని సుత్తితో కొడితే నీలం ముక్కలవుతుంది. మామూలుగా అది గట్టి రాయే. కాని లోపల పెద్ద పగులుండి, ఆ పగులు రాయి అంచు దాకా వచ్చి ఉంటే, బోరింగు హ్యాండిల్‌కు ఒక్కసారి గట్టిగా తగిలినా చాలు.

ఇప్పుడు లోపాల సంగతి. భూమిలో పుట్టిన నీలంలో ఏదో ఒకటి ఉండకుండా ఉండదు. రూటైల్ అనే ఖనిజపు సూదులు పట్టుదారాల్లా అల్లుకుని ఉంటాయి. అవి క్రమంగా అమరితే గుండ్రంగా సానపట్టిన రాయి మీద ఆరు కిరణాల నక్షత్రం కనబడుతుంది, ధర పెరుగుతుంది! మన వైడూర్యంలో పిల్లికన్ను గీత కూడా ఇటువంటి సన్నని సూదుల వల్ల, గొట్టాల వల్ల వచ్చేదే. కొన్నిటిలో ఎప్పుడో పగిలి మళ్లీ అతుక్కున్న గుర్తులు వేలిముద్రల్లా ఉంటాయి. రంగు కూడా ఒకే తీరుగా ఉండదు. తిన్నని పట్టీలుగా, తేనెపట్టు గది మూలల్లా మలుపు తిరిగి ఉంటుంది. లెన్స్‌తో చూసినప్పుడు పట్టీలు వంకరగా, గ్రామఫోన్ రికార్డు గీతల్లా ఉండి, గాలిబుడగలు కూడా కనబడితే అది కొలిమిలో చేసిన రాయి. అటువంటి కృత్రిమ కెంపుల తయారీ పద్ధతిని 1902లో ఫ్రాన్స్ దేశస్థుడు వెర్నాయ్ ప్రకటించాడు. కొన్నేళ్లకే నీలాలూ వచ్చాయి. కాబట్టి ఏ మచ్చా లేని పెద్ద నీలం చౌకగా ఇస్తానంటే అనుమానించాలి.

రాయిని బాగుచేసే పద్ధతులూ ఉన్నాయి. 1,500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైన కాలిస్తే రూటైల్ సూదులు కరిగి రంగు తేరుకుంటుంది. 1970ల నుంచి శ్రీలంకలో దొరికే పాలరంగు రాళ్లను థాయిలాండులో ఇలాగే నీలాలు చేశారు. ఇది శాశ్వతం, చెప్పి అమ్మితే తప్పు లేదు. తప్పంతా పగుళ్లలో రంగుగాజు నింపి చెప్పకుండా అమ్మడంలో ఉంది.

అది మా ఇంట్లోనే జరిగింది. 2013లో మా అన్నయ్య ఉద్యోగం పరీక్షలు వరుసగా తప్పుతుంటే, మా అయ్య అమ్మ చెవికమ్మలు తాకట్టు పెట్టి ఒక కొట్టులో నీలం ఉంగరం కొన్నాడు. ఉంగరం బిగుతయితే సాగదీయమని మా ఊరి స్వర్ణకారుడికి ఇచ్చాం. ఆయన ఊదుగొట్టం మంట పట్టగానే రాయి మీద సాలెగూడులా గీతలు తేలాయి. పెద్దాయన చేతిలోది కింద పెట్టి "ఏటి బావూ, ఈ రాయిలోన గాజు పోసీసినారు" అన్నాడు. కొన్నచోటికి వెళ్తే మంట పెట్టినందుకు మాదే తప్పన్నారు. తాకట్టు దుకాణంలో రాయి బరువు తీసేసి బంగారానికే లెక్క కట్టారు. అమ్మ కమ్మలు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో చెల్లి ఫీజుకు వేరే అప్పు చేశాం.

అటువంటి గాజుకు మంటే కాదు, నిమ్మరసం కూడా పడదు. నగలు కడగాలంటే గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసం, మెత్తని బ్రష్ చాలు. కొనేటప్పుడు బిల్లులో బంగారం బరువు, రాయి బరువు విడివిడిగా రాయించుకోవాలి. లేకపోతే రాయికి బంగారం ధర కట్టేస్తారు. బంగారానికి హాల్‌మార్క్ ఉంటుంది, అది రాయి గురించి ఏమీ చెప్పదు. రాయికి రత్నపరీక్ష ల్యాబ్ కాగితం వేరుగా అడగాలి. అందులో 'వేడిచేసినది', 'గాజు నింపినది' అనే వివరాలు ఉంటాయి.

పొదగని రాయి అయితే మీరే ఒక పరీక్ష చేయవచ్చు. ఆర్కిమెడిస్ సూత్రమే. 5 క్యారెట్లంటే 1 గ్రాము. గాలిలో 1 గ్రాము తూగే రాయిని దారం కట్టి నీటిలో ముంచి తూస్తే 0.75 గ్రాములు వచ్చిందనుకోండి. తగ్గినది 0.25. ఒకటిని దానితో భాగిస్తే 4. ఇది కురువిందం సాంద్రత. నీటిలో 0.60 వస్తే సాంద్రత 2.5, అంటే మామూలు గాజు. కాని కొలిమి రాయికీ 4 వస్తుంది. గాజు నింపిన దానికీ ఇంచుమించు అంతే రావచ్చు. అక్కడ లెన్స్ కావలసిందే.

ఆ ఉంగరం ఇప్పుడు నా దగ్గరుంది. వార్షికోత్సవానికి తెస్తాను. స్కూలు నుంచి ఎవరైనా మంచి లెన్స్ అడిగి తెచ్చి ఉంచితే, పగులులో చిక్కుకున్న గాలిబుడగలు అందరూ చూడవచ్చు.