ఉపవాసము – రక్తమున చక్కెర తరుగుదల

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు ఒక పరీక్ష పెట్టెను. పదునైదు దినములు అన్నము ముట్టవలదనియు, నీరు మాత్రము కోరినంత త్రాగుమనియు ఆజ్ఞాపించెను. ఆ పిమ్మట వేదము చెప్పుమనగా, పండ్రెండేండ్లు గురుకులమున చదివి వచ్చిన ఆ యువకునికి ఒక్క ఋక్కును స్ఫురింపలేదు. మిణుగురు పురుగంత నిప్పుకణిక మాత్రమే మిగిలిన అగ్నితో తండ్రి అతని స్థితిని పోల్చెను. భుజించి వచ్చిన తరువాత అడిగినదెల్ల చెప్పగలిగెను. మనస్సు అన్నమయమని బోధించుటకు ఇంతకంటె సూటియైన మార్గము లేదు.

నేటి వైద్యులును ఈ మాటనే వేరొక విధమున చెప్పుచున్నారు. శరీరపు బరువులో మెదడు నూటికి రెండు వంతులే అయినను, విశ్రాంతిగా ఉన్నపుడు శరీరము వ్యయించు శక్తిలో సుమారు అయిదవ వంతు దానికే కావలెను. ఆ శక్తి ముఖ్యముగా రక్తములోని చక్కెర వలన లభించును. దానిని నిలువచేసికొను కొట్టు మెదడునకు లేదు. పరగడుపున డెసీలీటరు రక్తములో 70 నుండి 100 మిల్లీగ్రాముల వరకు చక్కెర ఉండుట ఆరోగ్యము. మధుమేహమునకు మందు వాడువారిలో 70కి తగ్గిన జాగ్రత్త పడవలెను. 54కు దిగినచో అది ప్రమాదము.

అట్లయిన పొట్టి శ్రీరాములుగారు 1952లో మదరాసున 58 దినములు నిరాహారులై యెట్లు నిలిచిరని ప్రశ్న పుట్టును. అంతకుముందు 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజనులకు ప్రవేశము కోరియు ఆయన నిరాహారదీక్ష పూనిరి. శరీరమునకు ఒక పొదుపు కలదు. కాలేయము సుమారు నూరు గ్రాముల చక్కెరను మార్చి దాచుకొనును. అది ఇంచుమించు ఒక దినములో తరిగిపోగా, మాంసకృత్తుల నుండి కొత్త చక్కెరను తయారుచేయును. కొన్ని దినములు గడచిన పిమ్మట మెదడు కొవ్వు నుండి పుట్టిన పదార్థములతో చాలవరకు కాలక్షేపము చేయ నేర్చును. ఇది ఆరోగ్యవంతుని సంగతి. ఆయనకైనను ఆ దీక్ష డిసెంబరు 15న ప్రాణములతోనే ముగిసెను.

మధుమేహమునకు ఇన్సులినో, గ్లిబెన్‌క్లమైడు, గ్లిమెపిరైడు వంటి మాత్రలో వాడువారికి ఈ పొదుపు అక్కరకు రాదు. వారు తినినను తినకున్నను మందు తన పని మానదు. చక్కెరను క్రిందికి త్రోయుచునే యుండును. 2004లో ప్రకటితమైన ఒక పరిశీలన 13 దేశములలో రంజాన్ ఉపవాసమున్న మధుమేహులను గమనించినది. స్పృహకు భంగము తెచ్చునంతటి చక్కెర తరుగుదల, పెద్దవయసున వచ్చు రకము మధుమేహము కలవారిలో ఇతర మాసములకంటె ఏడున్నర రెట్లు హెచ్చినది. ఏకాదశి ఒక్కదినమే గదా యని తేలికగా తీసికొనరాదు.

పెన్నాతీరమున నెల్లూరు రంగనాథస్వామి సన్నిధిలో వైకుంఠ ఏకాదశినాడు తెల్లవారకమునుపే జనము బారులు తీరును. కార్తీకమున మైపాడు తీరమునకు సముద్రస్నానమునకై వచ్చువారును పరగడుపుననే వత్తురు. ముందటి రాత్రి మందు వేసికొని, ఉదయము ఏమియు తినక చన్నీట దిగినవానికి వణకు పుట్టిన, అది చలి యని అందరును అనుకొందురు. చెమట పట్టుట, గుండె దడ, విపరీతమైన ఆకలి, చేతుల వణకు – ఇవి మొదటి గుర్తులు. తరువాత మాట తడబడును, అకారణముగ కోపము వచ్చును, చూపు మసకబారును. వరుసలో నిలిచిన వృద్ధుడు పిలిచిన పలుకక శూన్యముగ చూచుచుండగా భక్తిపారవశ్యమని చుట్టునున్నవారు చేతులు జోడింతురు. అట్టివాని చేతిలో పెట్టవలసినది పానకము.

మూడు చెంచాల చక్కెర గాని, అంతటి బెల్లము గాని, తాటిబెల్లము గాని అరగ్లాసు నీట కలిపి త్రాగించిన సుమారు 15 గ్రాములగును. పదునైదు నిమిషములు ఆగి, కుదుటపడనిచో మరల అంతయే ఇయ్యవలెను. తేరుకొనిన పిమ్మట పెరుగన్నమో, ఇడ్లీయో, పాలు అరటిపండో పెట్టవలెను. లేనిచో చక్కెర మరల జారును. మొదటి మందుగా లడ్డు, చక్కెరపొంగలి పనికిరావు. నేయి జీర్ణమును నెమ్మదింపజేయును గనుక వాటి తీపి రక్తమునకు ఆలస్యముగ చేరును. స్పృహ తప్పినవాని నోట తీర్థమైనను పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. మాత్రలు వాడు వృద్ధులలో, ముఖ్యముగా మూత్రపిండములు చెడినవారిలో, ఒకసారి తేరుకొనినను కొన్ని గంటలకు మరల పడిపోవుట కలదు.

మూలికలను గూర్చి ఒక మాట. కాకర, మెంతులు, నేరేడు గింజలు, పొడపత్రి – ఇవి చక్కెరను తగ్గించునవిగా పేరొందినవి. మాత్రలతోపాటు వైద్యునికి చెప్పక వీటిని సేవించుటయు తరుగుదలకు దారి తీయవచ్చును. పడిపోయిన చక్కెరను నిలబెట్టు మూలిక లేదు, ఆహారమే మందు. మధుమేహము లేని కొందరికి మాత్రము తీపితో పుష్టిగా భుజించిన రెండు మూడు గంటలకు ఇన్సులిన్ అతిగా ఊరి నీరసము కలుగును. వారికి మరింత తీపి పెట్టుట నిప్పున నేయి పోయుటయే. పప్పు, కూర, మజ్జిగలతో కొంచెము కొంచెముగ పలుమారులు తినుట మేలు. ఏ మందును వాడకయే మాటిమాటికి ఇట్లగుచున్న వైద్యపరీక్ష తప్పదు.

వ్రతభంగ మగునేమో యను భయము పెద్దలను పీడించును. ఇందు శాస్త్రము మనము తలచునంత కఠినము కాదు. వ్రతమును చెరుపనివని ఎనిమిదింటిని లెక్కించి, వాటిలో నీరు, దుంప, పండు, పాలు, ఔషధము అనువానిని చేర్చినది. ఎనిమిదేండ్లు దాటి ఎనుబదియేండ్లు నిండనివారికే ఏకాదశి ఉపవాసము విధింపబడినది. అశక్తులకు నక్తము, ఏకభుక్తము కలవు. మధుమేహికి పాలు, పండ్లు వ్రతభోజనమును అగును, రక్షయు అగును. ఎంత, ఎప్పుడు అనుదానిని, ఆ దినమున మందు ఎంత తగ్గించవలెననుదానిని వైద్యుని ముందుగనే అడుగవలెను.

ద్వాదశి ఉదయము మరియొక గండము. పారణకు ముందు మాత్ర వేసికొని, పూజ ముగియక, అతిథి రాక, గంటసేపు కూర్చుండుట ఇండ్లలో పరిపాటి. భాగవతమున అంబరీషుడు దుర్వాసునికై వేచియుండి, ద్వాదశి ఘడియలు దాటిపోవుచుండగా విజ్ఞుల నడిగి నీరు త్రాగి పారణ చేసెను. అట్టి సమయమున మధుమేహికి నీరు చాలదు. విస్తరి ముందు కూర్చున్న పిమ్మటనే మాత్ర వేసికొనవలెను. అప్పటికే వేసికొనియున్నచో అతిథి వచ్చువరకు ఆగక పండో పాలో తీసికొనవలెను.